దర్శకురాలి పేరు మొదటి పేరాలోనే

2017లో 'గురు' విడుదలైనప్పుడు మా పేపరు జిల్లా పేజీకి రివ్యూ రాశాను. వెంకటేష్ గడ్డం, నడక, కోపం మీదే మూడు పేరాలు నింపాను. తీసింది సుధ కొంగర అన్న మాట ఆఖరి పేరాలో, కెమెరా, సంగీతం పేర్ల మధ్య పడింది. మర్నాడు మా వీధిలో ఉండే రిటైరైన టీచరమ్మ పేపరు పట్టుకుని వచ్చింది. "ఏం పాపా, వంట చేసినామె పేరు చెప్పకుండా వడ్డించినాయన్ని మెచ్చుకుంటివే?" అంది. అప్పటి నుంచి దర్శకురాలి పేరు మొదటి పేరాలోనే రాస్తున్నాను. కడపలో సినిమాల మీద రాయాలనుకునే పిల్లలు ఎవరడిగినా ముందు చెప్పేది ఇదే.

ఆ తర్వాత, శుక్రవారం మార్నింగ్ షోకే వెళ్లండి. పెద్ద హీరో లేని సినిమాకి మా ఊళ్లో ఒక థియేటరు, రెండు షోలు దొరికితే గొప్ప. సోమవారానికి పోస్టర్ మారిపోతుంది. మీ రివ్యూ ఆదివారం వస్తే, చదివి వెళ్దామనుకున్నవాళ్లకి సినిమా ఉండదు. శుక్రవారం రాత్రికే రాసి ఇచ్చేయండి. చివర్లో థియేటరు పేరు, షో టైములు వేయండి. అవి మేనేజర్‌కి ఫోన్ చేసి కనుక్కోండి.

చిన్న నోటుబుక్కు తీసుకెళ్లండి. చీకట్లో కనపడదు కాబట్టి పేజీకి ఒక్క సీనే, పెద్ద అక్షరాలతో. నా బుక్కులో ఒక పేజీ ఇలా ఉంది: "వంటగది. ఆమె వీపు. కెమెరా కదల్లేదు. కుక్కర్ 3 విజిల్స్." ఇంటికొచ్చాక ఆ నాలుగు ముక్కలే ఒక పేరా అయ్యాయి. అవి లేకపోతే 'సున్నితంగా తీశారు' అని రాసేదాన్ని. దర్శకురాలు అనగానే చేతికొచ్చేసే మాట అది. 'గురు' లాంటి బాక్సింగ్ సినిమా తీసినామెకి ఆ మాట ఏం అతుకుతుంది? ఆమె ఏం చేసిందో చెప్పండి. 'అలా మొదలైంది' (2011)లో నాని తన ప్రేమకథని తనని కిడ్నాప్ చేసినవాడికే చెప్తాడు. దిగులు కథ కూడా నవ్వుతూ నడవడానికి ఆ ఏర్పాటే కారణం, అది నందిని రెడ్డి పనితనం. ఇలా విప్పి చూపిస్తే చదివేవాళ్లకి ఆ డైరెక్టర్ గుర్తుండిపోతుంది.

సినిమా బాగోలేకపోతే బాగోలేదనే రాయండి. ఎక్కడ జారిందో సీను పట్టుకుని చెప్పండి. ఆ తప్పుని ఆ సినిమా వరకే ఉంచండి, ఆడవాళ్లందరి మీదా వేయకండి.

ఇంటర్వ్యూ దొరికితే 'ఇల్లు, సినిమా రెండూ ఎలా చూసుకుంటున్నారు' అని అడగొద్దు. షూటింగ్ ఎన్ని రోజులు పట్టింది, ఎడిటింగ్‌లో పోయిన సీన్ ఏది, ఎందుకు పోయింది అని అడగండి. పోయిన సీన్ గురించి అడిగితే ఒక కొత్త దర్శకురాలు ఫోన్‌లో ఇరవై నిమిషాలు ఆగకుండా మాట్లాడారు. నాకు అంత మంచి ఇంటర్వ్యూ మళ్లీ దొరకలేదు.

ఇంకొకటి మనసుకి కష్టంగా ఉంటుంది. 2019లో విజయనిర్మల గారు పోయిన రోజు మా డెస్కులో హెడ్డింగు 'కృష్ణ సతీమణి' అనే మొదలైంది. 44 సినిమాలు డైరెక్ట్ చేసి 2002లో గిన్నిస్ రికార్డుకెక్కిన మనిషి! పాతతరం దర్శకుడు బి.ఎన్. రెడ్డి మా జిల్లావాడని తారీఖులతో సహా చెప్పుకుంటాం, ఆడవాళ్లు డైరెక్ట్ చేసిన సినిమాల తారీఖులు మాత్రం గుర్తుండవు. అందుకే నోటుబుక్కు అట్ట లోపల రాసిపెట్టుకున్నాను: భానుమతి 'చండీరాణి', 1953, మూడు భాషల్లో. సావిత్రి 'చిన్నారి పాపలు', 1968. విజయనిర్మల 'మీనా', 1973. ఎవరైనా కొత్తగా వస్తే 'ఇప్పుడిప్పుడే మహిళలు దర్శకత్వంలోకి అడుగుపెడుతున్నారు' అని మొదలుపెట్టే అలవాటు దాంతో పోయింది.

థియేటర్లోంచి పోయిన సినిమా ఓటీటీలోకి వచ్చిన రోజు మళ్లీ రాయండి. ఊళ్లో ఎక్కువమంది ఆడవాళ్లు చూసేది అప్పుడే. ఎడిటర్ 'పాత సినిమాకి జాగా లేదు' అంటే 120 పదాలకైనా జాగా అడగండి. అందులో హీరో గురించి ఒక్క వాక్యం చాలు.