విదేశాల నుంచి తపాలాలో మోడల్ విమానాల డెకాల్స్ తెప్పించుకునే విధానం

విశాఖ బీచ్ రోడ్డులో మన నౌకాదళం వాడిన టీయూ-142 విమాన మ్యూజియం చూసి వచ్చాక ఆ విమానం నమూనా తామే చేసుకోవాలని తపించేవారు ఉంటారు. 1/72 స్కేలులో, అంటే అసలు విమానంలో 72వ వంతు కొలతలో, అది దాదాపు 74 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. విడిభాగాల కిట్టు సంపాదించడం ఒక ఎత్తయితే, దాని మీద మన నౌకాదళ గుర్తులు అతికించడం మరో ఎత్తు. ఆ గుర్తులు అచ్చువేసి ఉండే, నీటిలో నానబెట్టి అతికించే డెకాల్ షీట్ల కోసం తరచూ విదేశీ అమ్మకందారులనే ఆశ్రయించాలి.

ముందుగా మీ బ్యాంకు యాప్‌లో కార్డుకు అంతర్జాతీయ లావాదేవీల సౌకర్యం ఉందో లేదో చూసుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2020 మార్చి నుంచి కొత్త కార్డులు దేశంలో వాడకానికే సిద్ధంగా వస్తున్నాయి. విదేశీ వాడకాన్ని మనమే తెరిపించుకోవాలి. చిరునామాలో గుర్తింపు కార్డులో ఉన్న పేరే రాయండి. ఆరంకెల పిన్‌కోడ్, ఫోను నంబరు తప్పనిసరి. ట్రాకింగ్ ఉండే రిజిస్టర్డ్ తపాలానే ఎంచుకోండి, కాస్త ఖరీదైనా సరే.

డబ్బు కట్టే ముందు అమ్మకందారుకు ఒక సందేశం పంపాలి. నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే. షీటును రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, తడి తగలకుండా ప్లాస్టిక్ కవరులో మూసి, మడవకుండా పంపమని అడగండి. నాకు ఒకసారి వచ్చిన కవరు సరిగ్గా మధ్యకు మడిచి ఉంది. పైకి సన్నని గీత మాత్రమే కనిపించింది. నీటిలో వేసి అరనిమిషం కాకముందే మూడు రంగుల వలయం ఆ గీత వెంట రెండు ముక్కలైంది. ఆ బాధ మరెవరికీ వద్దు.

అదే సందేశంలో కవరు మీద అంటించే సీఎన్ 22 కస్టమ్స్ పత్రం గురించీ చెప్పండి. 'ప్లాస్టిక్ మోడల్ విమానానికి డెకాల్స్' అని స్పష్టంగా, అసలు ధరతో రాయాలి. కస్టమ్స్ సుంకాల పట్టికలో ఇవి వచ్చే శీర్షిక 4908. 'బహుమతి' అని రాయిస్తే సుంకం తప్పుతుందనుకోవద్దు. 2019 డిసెంబరు నుంచి రాఖీలు, ప్రాణరక్షక మందులు తప్ప బహుమతులకు ఆ మినహాయింపు లేదు. రంగులు, వాటిని పలుచన చేసే థిన్నరు కూడా అదే ఆర్డరులో కలపకండి. మండే ద్రవాలను విమాన తపాలాలో అనుమతించరు, షీటు కూడా వాటితో పాటే ఆగిపోతుంది.

అక్షరాలు, అంకెలు కలిపి పదమూడు ఉండే ట్రాకింగ్ నంబరు రాగానే రాసిపెట్టుకోండి. సరుకు ముందు పెద్ద నగరంలోని విదేశీ తపాలా కేంద్రానికి చేరుతుంది. కస్టమ్స్ అధికారులు అక్కడే పరిశీలిస్తారు. సుంకం వేస్తే కవరు ఇచ్చేటప్పుడు తపాలా సిబ్బంది వసూలు చేస్తారు, రసీదు అడిగి తీసుకోండి. బిల్లు, చెల్లింపు వివరాలు దాచి ఉంచండి. పత్రాలు కావాలని కబురు వస్తే వెంటనే పంపాలి.

కవరు ఎక్కడ ఉందో తెలియకపోతే అమ్మకందారు చేత వారి దేశపు తపాలా సంస్థలో విచారణ పెట్టించండి. పంపిన మర్నాటి నుంచి ఆరు నెలల్లోపే ఆ అవకాశం ఉంటుంది.

చేతికి రాగానే షీటును వెలుగులో పెట్టి చూసి, పగుళ్లు ఉంటే అప్పుడే ఫొటో తీసి అమ్మకందారుకు పంపండి. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, వాడేదాకా తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో జిప్ కవరులో పడుకోబెట్టి ఉంచండి.