సొంతంగా నింపుకున్న రైఫిల్ తూటాల వేగంలో తేడాలు: కారణం కనిపెట్టడం ఎలా?

అమెరికాలో దూరపు లక్ష్యాలపై రైఫిల్ షూటింగ్ సాధన చేసేవారిలో చాలామంది తమ తూటాలను (ఇత్తడి కేసు, నిప్పు రగిలించే ప్రైమర్, పౌడరు, ముందుకు దూసుకెళ్లే బుల్లెట్ కలిసిన పూర్తి కార్ట్రిడ్జ్ ఇక్కడ తూటా) తామే నింపుకుంటారు. ఒకే పౌడరు, ఒకే బుల్లెట్, ఒకే తూకంతో తయారైన తూటాలు క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగాన్ని కొలిచే పరికరం) ముందు ఒక్కోటి ఒక్కో వేగం చూపించినప్పుడు, 100 గజాల దగ్గర ఆ తేడా కాగితం మీద దాదాపు కనిపించదు. కానీ తూటాల్లో ఒక రకమైన .308 వించెస్టర్‌లో 175 గ్రెయిన్ల (సుమారు 11.3 గ్రాముల) బుల్లెట్ సెకనుకు 2600 అడుగుల వేగంతో బయలుదేరుతుందనుకుంటే, 50 అడుగుల వేగం తేడా 1000 గజాల దగ్గరికి చేరేసరికి అడుగుకు మించిన ఎత్తు తేడాగా మారుతుంది.

సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి అమెరికాలో ఫెడరల్ లైసెన్సు అవసరం లేదు. అమ్మాలంటే మాత్రం ఉండి తీరాలి, రాష్ట్రాల నిబంధనలు వేరుగా చూసుకోవాలి. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడమే నేరం కనుక, ఇక్కడ చెప్పే పద్ధతి అక్కడ ఇంట్లో చేసి చూడదగినది కాదు.

1. తేడా ఏ రకానిదో ముందు తేల్చుకోండి

ఒకే వరుసలో పేల్చిన తూటాల మధ్య తేడా ఒక రకం. నిన్నటి సగటుకూ ఇవాళ్టి సగటుకూ మధ్య తేడా రెండో రకం. మీ సగటుకూ లోడింగ్ పుస్తకంలో అచ్చయిన వేగానికీ మధ్య తేడా మూడో రకం. ఈ మూడింటి కారణాలు చాలావరకు వేర్వేరు. వీటిని కలగలిపి ఆలోచించేవారే పౌడరు, ప్రైమర్, డై (కేసును సరైన కొలతకు తెచ్చే అచ్చు) అన్నీ ఒకేసారి మార్చేసి, చివరికి ఏది పనిచేసిందో తెలియక ఇబ్బంది పడతారు.

2. తూటాను అనుమానించే ముందు కొలిచే పరికరాన్ని పరీక్షించండి

కాంతి ఆధారంగా పనిచేసే క్రోనోగ్రాఫ్‌కు ఎండ వాలు, మబ్బు, నీడ అన్నీ ఇబ్బందే. దానిని బ్యారెల్ మొనకు 10 నుంచి 15 అడుగుల ముందు పెట్టకపోతే పేలుడు ఒత్తిడి కూడా సెన్సార్లను తప్పుదారి పట్టిస్తుంది. మడత పెట్టే రకం పరికరం పూర్తిగా విచ్చుకోకపోతే సెన్సార్ల మధ్య దూరం తగ్గి, వేగం ఎక్కువగా నమోదవుతుంది. రెండు అడుగుల దూరంలో అంగుళంలో ఎనిమిదో వంతు తగ్గినా సెకనుకు 2600 అడుగుల వేగం దగ్గర 13 అడుగుల వేగం పొరపాటు వస్తుంది. ఈ పొరపాటు ఒక వరుసలోని తూటాలన్నిటికీ ఒకేలా వర్తిస్తుంది కాబట్టి అది సగటును జరుపుతుందే తప్ప తూటాల మధ్య చెదురును పెంచదు. బ్యారెల్‌కు కట్టే రకానికీ, రాడార్ రకానికీ ఈ కాంతి సమస్య లేదు. అయితే మొదటిది తూటా తగిలే చోటును మారుస్తుంది, రెండోది సరిగ్గా గురిపెట్టకపోతే కొన్ని తూటాలను వదిలేస్తుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా ఉపయోగపడే జాగ్రత్త ఒకటుంది. ఒకే లాట్‌కు (ఒకే విడత తయారీకి) చెందిన ఫ్యాక్టరీ మ్యాచ్ (పోటీల స్థాయి) తూటాల పెట్టెను కొలబద్దగా పక్కన పెట్టుకోండి. ప్రతిసారీ సొంత తూటాలతో పాటు వాటిలో కొన్నింటిని కూడా పేల్చండి. వాటి వేగమూ అదే మేరకు మారితే, కారణాన్ని మీ రీలోడింగ్ బల్ల మీద కాక పరికరంలోనో, వాతావరణంలోనో, రైఫిల్‌లోనో వెతకాలి.

3. సరిపడా తూటాలు పేల్చండి

ఐదు తూటాల వరుసలో ప్రామాణిక విచలనం (వేగాలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) 10 వచ్చిందంటే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది దాని అసలు విలువ 6కూ 29కీ మధ్య ఎక్కడో ఉందని మాత్రమే. అదే 10 అంకె 20 తూటాల మీద వస్తే ఆ హద్దులు సుమారు 8, 15 అవుతాయి. అందువల్ల ఐదేసి తూటాలతో రెండు ప్రైమర్లను పోల్చి ఒకటి మేలని తీర్మానించడం చాలాసార్లు యాదృచ్ఛికతను చూసి చేసే తీర్మానమే. పౌడరు ఖరీదైనదే, కానీ తప్పుడు నిర్ణయంతో నెలల తరబడి నింపే తూటాలు అంతకన్నా ఖరీదైనవి.

4. తూకం, కేసు, మెడ పట్టు

.308లో పౌడరు బరువు గ్రెయిన్‌లో పదో వంతు మారితే వేగం సుమారు ఐదారు అడుగులు మారుతుంది. మీ తూటాల మధ్య 60 అడుగుల తేడా ఉంటే, దానిని తూకం మీదకే నెట్టడానికి దాదాపు ఒక గ్రెయిన్ పొరపాటు జరిగి ఉండాలి. అంత పొరపాటు జరుగుతోందంటే అది తక్షణం సరిచేయవలసిన ప్రమాదం. జరగడం లేదంటే కారణం వేరే చోట ఉంది. ఎలక్ట్రానిక్ త్రాసును ముందే ఆన్ చేసి స్థిరపడనిచ్చి, ఫ్యాను గాలి తగలకుండా ఉంచి, మధ్యమధ్యలో ప్రామాణిక బరువుతో సరిచూడండి. పొడవాటి కడ్డీల్లాంటి పౌడరు రేణువులు, పౌడరును కొలిచి పోసే మెజర్‌లో ఇరుక్కుని ఒకసారి తక్కువగా, మరోసారి ఎక్కువగా పడతాయి.

తర్వాత కేసుల వైపు చూడండి. వేర్వేరు కంపెనీల ఇత్తడి కేసులు బయటికి ఒకేలా ఉన్నా లోపలి ఘనపరిమాణం ఒకటి కాదు. సైనిక 7.62 కేసులు సాధారణంగా మందంగా ఉండి, అదే పౌడరుకు ఎక్కువ ఒత్తిడిని పుట్టిస్తాయి. పేల్చిన కేసును, పాత ప్రైమర్ తీయకుండానే, ఖాళీగా ఒకసారి, అంచు వరకు నీటితో నింపి ఒకసారి తూస్తే తేడా బయటపడుతుంది.

చాలామంది పట్టించుకోనిది కేసు మెడ బుల్లెట్‌ను పట్టుకునే బిగువు. పలుమార్లు పేల్చి, సైజు చేసిన ఇత్తడి గట్టిపడుతుంది. రెండుసార్లు పేల్చిన కేసూ ఎనిమిదిసార్లు పేల్చిన కేసూ ఒకే డబ్బాలో కలిస్తే మెడ పట్టు ఒకేలా ఉండదు. స్టీలు పిన్నులతో తడిగా కడిగిన కేసుల లోపలి మెడ మరీ శుభ్రమై బుల్లెట్‌ను గట్టిగా అంటుకోవచ్చు. సీటింగ్ (బుల్లెట్‌ను కేసు మెడలోకి దించడం) చేసేటప్పుడు చేతికి తెలిసే బలాన్ని గమనించండి. గట్టిగా దిగినవాటిని ఒక పక్క, సులువుగా దిగినవాటిని మరో పక్క పెట్టి విడివిడిగా పేల్చితే, వేగం ఆ రెండు గుంపుల మధ్య విడిపోతోందో లేదో తేలిపోతుంది. విడిపోతే కేసులను పేల్చిన లెక్క ప్రకారం వేరుచేసి, మెడలను అనీల్ చేయడం (వేడిచేసి మెత్తబరచడం) మొదలుపెట్టండి.

5. ప్రైమర్, కేసులో ఖాళీ

ప్రైమర్ దాని గుంత అడుగుభాగానికి తగిలేలా పూర్తిగా దిగాలి. ఫైరింగ్ పిన్ స్ప్రింగ్ బలహీనపడినా వేగం చెదురుతుంది. పౌడరు కేసును సగమే నింపితే, అది బుల్లెట్ వైపు ఉందా ప్రైమర్ వైపు ఉందా అన్నదాన్ని బట్టి కూడా వేగం మారవచ్చు. అలా అనిపిస్తే కేసును ఎక్కువగా నింపే మరో పౌడరును పుస్తకంలో చూసి ఎంచుకోండి. అచ్చయిన కనిష్ఠ మోతాదుకన్నా తగ్గించకండి.

6. రోజుకూ రోజుకూ తేడా వస్తుంటే

కొన్ని పౌడర్లు ఉష్ణోగ్రతకు దాదాపు స్పందించవు, మరికొన్ని డిగ్రీ ఫారన్‌హీట్‌కు ఒక అడుగుకు పైగా మారతాయి. టెక్సాస్‌లో జనవరి ఉదయం 40 డిగ్రీల దగ్గర, ఆగస్టు మధ్యాహ్నం 100 డిగ్రీల దగ్గర ఒకే తూటా 60 అడుగుల తేడా చూపిస్తే అది తయారీ లోపం కాదు. తూటాలను నీడలో ఉంచండి, బ్యారెల్ వెనక తూటా కూర్చునే, వేడెక్కిన చాంబర్‌లో వదిలేయకండి. కొత్త బ్యారెల్‌లో మొదటి 100, 200 తూటాల వరకు వేగం మెల్లగా పెరగడం తరచుగా కనిపిస్తుంది. అది నిలకడపడే వరకు తుది లోడు నిర్ణయించవద్దు. శుభ్రం చేసిన బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి తూటాను సగటులో కలపవద్దు.

7. పుస్తకంలోని వేగంతో తేడా

పుస్తకంలోని టెస్ట్ బ్యారెల్ 24 అంగుళాలై మీది 20 అంగుళాలైతే, అంగుళానికి 20 నుంచి 30 అడుగుల చొప్పున వేగం తగ్గడం సహజం. ఆ లోటును పూడ్చాలని గరిష్ఠ మోతాదు దాటి పౌడరు వేయకూడదు. ప్రైమర్ చదునవడం, బోల్ట్ బిగుసుకోవడం లాంటి ఒత్తిడి గుర్తులు ఆలస్యంగా కనిపిస్తాయి, అసలు కనిపించకపోవచ్చు కూడా. అంతే బ్యారెల్ పొడవులో మీ వేగం పుస్తకంలోని గరిష్ఠ వేగాన్ని మించితే ఒత్తిడి కూడా మించిందనే భావించి ఆపేయండి. ఆ మిగిలిన తూటాలను బుల్లెట్ పుల్లర్‌తో విప్పి, మోతాదు తగ్గించి మొదలుపెట్టండి. ప్రైమర్‌నో, కేసునో, పౌడరు లాట్‌నో మార్చినప్పుడు కూడా అలాగే తగ్గించి మొదలుపెట్టాలి. ఎప్పుడైనా శబ్దం మామూలుకన్నా మెత్తగా వినిపిస్తే, మరో తూటా పెట్టకుండా రైఫిల్‌ను ఖాళీ చేసి, బ్యారెల్‌లో బుల్లెట్ ఇరుక్కుందేమో చూసిన తర్వాతే తదుపరి పని.