అంచనా వేసేవాళ్లను అంచనా వేద్దాం – 4వ పాఠం: కోచ్ కన్ను, స్టార్ల లెక్క

పోయిన పాఠంలో ఒక హోంవర్క్ ఇచ్చాను. సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) ఆడిన ఏదో ఒక జట్టు తీసుకుని, మొదట బరిలోకి దిగే 22 మందికి హైస్కూల్లో స్కౌటింగ్ సర్వీసులు, అంటే పిల్లల ఆట చూసి రేటింగ్ ఇచ్చే సంస్థలు, ఎన్ని స్టార్లు ఇచ్చాయో రాయమన్నాను. పందొమ్మిది మంది పంపారు. అందులో పదహారు మందిది ఒకటే మాట: "ఫైవ్ స్టార్లు ఒకరో ఇద్దరో ఉన్నారండీ. మిగతా అంతా త్రీ స్టార్లు, టూ స్టార్లు, అసలు స్టార్లే లేనివాళ్లు. ఈ రేటింగులు బోగస్. కోచ్‌లకే తెలుసు." ఒకాయన ఈ ముక్కని తన ఆఫీసు వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టేశారట, నా పేరు వేసి మరీ.

తప్పు నాదే. లెక్కపెట్టమన్నాను గానీ దేనితో భాగించాలో చెప్పలేదు. అందుకే "కోచ్‌లు గొప్పా, స్కౌటింగ్ సర్వీసులు గొప్పా" అన్న అసలు పాఠంలోకి దిగే ముందు ఈ బాకీ తీర్చేస్తాను.

స్టార్ల గురించి, కాంపోజిట్ గురించి (అంటే వేర్వేరు సర్వీసుల రేటింగులు కలిపి కట్టిన సగటు) రెండో పాఠంలో ఉంది, మళ్లీ వివరంగా చెప్పను. ఒక్కటి గుర్తుంచుకోండి. 247స్పోర్ట్స్ అనే సర్వీసు ఒక ఏడాది హైస్కూల్ పిల్లల్లో సుమారు 32 మందికే ఫైవ్ స్టార్ ఇస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) మొదటి రౌండులో 32 ఎంపికలు ఉంటాయి, దానికి సరిపోయేలా పెట్టుకున్న లెక్క అది. ఫోర్ స్టార్లు మూడు నాలుగు వందల మంది. ఆ కింద ఉన్నవాళ్లు వేలల్లో ఉంటారు.

ఇప్పుడు ఊహకి ఒక జట్టు అనుకుందాం. ఇద్దరు ఫైవ్ స్టార్లు, అయిదుగురు ఫోర్ స్టార్లు, పదిహేను మంది ఆ కిందవాళ్లు. పదిహేను పెద్ద అంకె, నిజమే. కానీ ఆ ఇద్దరూ 32 మందిలోంచి వచ్చారు. అయిదుగురూ 350 మందిలోంచి వచ్చారు. పదిహేను మంది, తక్కువలో తక్కువ వేసుకున్నా, 2,500 మందిలోంచి వచ్చారు. భాగించండి: 6.25 శాతం, 1.4 శాతం, 0.6 శాతం. ఆటగాళ్లంతా ఒకే ఏడాది బ్యాచ్ కాదు కదా అని అడిగారు ఇద్దరు. కాదు. అలాగని ప్రతి బ్యాచ్‌కీ విడిగా వేసినా మెట్ల వరస మారదు. పై మెట్టు మీదున్న పిల్లాడికి కింది మెట్టువాడికన్నా పది రెట్లు అవకాశం ఉందని మీ పట్టికే చెబుతుంటే, మీరు దాన్ని బోగస్ అన్నారు. బాకీ తీరింది.

ఇక అసలు సంగతి. మిగిలిన ముగ్గురూ భాగహారం సరిగ్గానే చేశారు. కానీ ముగ్గురూ చివర్లో ఒక వాక్యం తగిలించారు: "అయినా మహోమ్స్‌ని కనిపెట్టింది కోచే కదా." ఈ వాక్యం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో కాస్త పొడుగ్గా చెబుతాను.

ప్యాట్రిక్ మహోమ్స్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ జట్టు ఆట నడిపేవాడు. తూర్పు టెక్సస్‌లో వైట్‌హౌస్ అనే చిన్న ఊరి కుర్రాడు. త్రీ స్టార్. 2014లో టెక్సస్ టెక్‌లో చేరాడు, అప్పుడక్కడ కోచ్ క్లిఫ్ కింగ్స్‌బరీ. 2017 డ్రాఫ్ట్‌లో పదో ఎంపిక. ఆ తర్వాత సూపర్ బౌల్‌లు గెలిచిన కథ మీకు తెలిసిందే. సర్వీసులు పొరబడ్డాయా? పొరబడ్డాయి. కింగ్స్‌బరీ సరిగ్గా చూశాడా? చూశాడు. అయితే అప్పుడు పై స్థాయి కాలేజీ జట్లు 120కి పైగా ఉన్నాయి, ఒక్కోదానికి ఒక హెడ్ కోచ్, అరడజనుకి పైగా అసిస్టెంట్లు. మహోమ్స్‌కి ఆఫర్ (స్కాలర్‌షిప్ ఇచ్చి జట్టులో చేర్చుకుంటామన్న మాట) ఇచ్చిన కాలేజీలని చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తండ్రి మేజర్ లీగ్ బేస్‌బాల్ పిచర్, కుర్రాడు కూడా బేస్‌బాల్‌కే పోతాడేమో అన్న అనుమానం చాలామందికి ఉండేది, అది వేరే సంగతి. కానీ ఇంటి చుట్టుపక్కల ఉన్న పెద్ద కాలేజీల కోచ్‌లు కూడా అతన్ని వదిలేశారు. వాళ్లు కోచ్‌లు కారా?

ఒక అబ్బాయికి నలభై సంబంధాలు తప్పిపోయాయి. నలభై ఒకటో ఆయన పిల్లనిచ్చాడు. అబ్బాయి తర్వాత కోటీశ్వరుడయ్యాడు. "ఆడపిల్లల తండ్రులకి మనుషుల్ని అంచనా వేయడం బాగా తెలుసు" అంటామా? ఒక్క మామగారు మీసం మెలేస్తాడు. తక్కిన నలభై మందీ ఆ పెళ్లి ఫొటోలో ఉండరు కాబట్టి మన లెక్కలోకి రారు.

ఇంకా ఘోరమైనది జోష్ ఆలెన్ అనే ఇంకో క్వార్టర్‌బ్యాక్ కథ. కాలిఫోర్నియాలో ఫైర్‌బా దగ్గర పత్తి పండించే కుటుంబం. హైస్కూల్ అయ్యాక పై స్థాయి జట్టు ఒక్కటీ పిలవలేదు, రీడ్లీ అనే జూనియర్ కాలేజీలో (హైస్కూల్ తర్వాత చదివే రెండేళ్ల కాలేజీ) చేరాడు. అక్కడ ఏడాది బాగా ఆడి, దేశంలో ఉన్న పై స్థాయి జట్ల కోచ్‌లందరికీ తనే ఈమెయిళ్లు పెట్టుకున్నాడు. వీడియో లింకు చేతికిచ్చి మరీ అడిగాడన్నమాట. చివరికి దక్కింది వయోమింగ్. 2018లో డ్రాఫ్ట్‌లో ఏడో ఎంపిక, 2024 సీజన్‌కి ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు. సర్వీసులకి ఇక్కడ గుండు సున్నా, ఒప్పుకుంటాను. కోచ్‌లకి వయోమింగ్ ఒక మార్కు తెచ్చింది, మిగతావాటిలో నూటికి పైగా కాలేజీలు సున్నాలు తెచ్చాయి. సగటు కట్టండి.

జె.జె. వాట్ సంగతి అయితే కోచ్‌ల ఖాతాలో ఎలా వేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. విస్కాన్సిన్ రాష్ట్రంలో పివాకీ ఊరివాడు. యూనివర్సిటీ ఉన్న మ్యాడిసన్‌కి కారులో గంట ప్రయాణం. టూ స్టార్ టైట్ ఎండ్‌గా (దాడి చేసే పక్షంలో ఒక స్థానం) సెంట్రల్ మిషిగన్ కాలేజీకి వెళ్లాడు. అక్కడ తనకి భవిష్యత్తు లేదనిపించి ఇంటికొచ్చేశాడు, పిజ్జాలు డెలివరీ చేశాడు. ఆ తర్వాత స్కాలర్‌షిప్ లేకుండా, సొంత ఖర్చుతో విస్కాన్సిన్ జట్టులో వాక్ ఆన్‌గా చేరాడు. అక్కడ డిఫెన్స్‌లోకి మారాడు. 2011లో 11వ ఎంపిక, మూడుసార్లు ఎన్‌ఎఫ్‌ఎల్ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు. గంట దూరంలో ఉన్న కోచ్‌లు అతనికి ఆఫర్ ఇవ్వలేదు. అతనే వాళ్ల తలుపు తట్టాడు. తీర్చిదిద్దినందుకు వాళ్లకి మార్కులు వేయండి, కాదనను. కనిపెట్టినందుకు మాత్రం వద్దు.

తక్కువ స్టార్లతో చిన్న కాలేజీలకి వెళ్లి పెద్ద ఆటగాళ్లైన ఖలీల్ మాక్, ఎరిక్ ఫిషర్ పేర్లు చెప్పేవాళ్లకీ ఇదే జవాబు.

సరే, గెలిచినవాడి నుంచి వెనక్కి నడవడం తప్పు అని తేలింది. మరి ముందుకి ఎలా నడవాలి? ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. కోచ్‌ని ఒక పక్క, సర్వీసుని ఇంకో పక్క నిలబెట్టి పోలుస్తున్నాం అనుకుంటాం. కానీ వాళ్లిద్దరూ ఒకరి పేపర్ ఒకరు చూసి రాస్తున్నారు. ఒక త్రీ స్టార్ కుర్రాడికి అలబామానో ఒహాయో స్టేటో, అలాంటి పెద్ద కాలేజీ ఆఫర్ ఇచ్చిందంటే, సర్వీసులో పనిచేసే విశ్లేషకుడు వెంటనే ఆ పిల్లాడి వీడియో మళ్లీ తీస్తాడు. తర్వాతి జాబితాలో ఆ కుర్రాడు పైకి జరిగితే ఎవరూ ఆశ్చర్యపోరు. అభిమానులు దాన్ని చూసి "మా కోచ్ ఫోర్ స్టార్‌ని పట్టాడు" అంటారు. వాపుని చూసి బలుపు అనుకోవడం అంటే ఇదే. అటు చిన్న కాలేజీ కోచ్ కూడా ఆఫర్ ఇచ్చే ముందు ఆ పిల్లాడికి ఇంకెవరు ఆఫర్ ఇచ్చారో చూడకుండా ఉండడు.

అంటే ఏంటి? కాంపోజిట్ రేటింగ్ లోపల కోచ్‌ల ఓట్లు ఎప్పుడో కలిసిపోయి ఉన్నాయి. కాబట్టి "కోచ్‌లా, సర్వీసులా" అని అడిగినప్పుడు మనం నిజంగా అడుగుతున్నది "ఒక్క కోచ్ మాట నమ్మాలా, వందమంది కోచ్‌ల మాటలకి వీడియో చూసేవాళ్ల మాట కలిపిన సగటు నమ్మాలా" అని. అలా అడిగితే నేను సగటు వైపే. పైగా కాకిపిల్ల కాకికి ముద్దు: ఏ కోచ్‌నైనా సంతకాల రోజున (హైస్కూల్ కుర్రాళ్లు కాలేజీ జట్లకి సంతకం చేసే రోజు) అడిగి చూడండి, తన క్లాసంత, అంటే ఆ ఏడాది తను చేర్చుకున్న కుర్రాళ్లంత, గొప్ప క్లాసు లేదంటాడు.

జాబితా పై భాగంలో అయితే కొట్లాటే లేదు. 2011 నుంచి 2017 దాకా వరసగా ఏడేళ్లు క్లాసుల కాంపోజిట్ జాబితాలో మొదటి స్థానం అలబామాదే. అప్పటి అలబామా కోచ్ నిక్ సేబన్ కోరుకున్నవాళ్లనే సర్వీసులూ మెచ్చుకున్నాయి. ఇద్దరూ ఒకే జవాబు రాసినప్పుడు ఎవరు తెలివైనవాడో తేలదు. 2023 సీజన్‌లో కాలేజీ టైటిల్ గెలిచిన మిషిగన్‌లో ఫోర్ స్టార్, ఫైవ్ స్టార్ వాళ్లు సగం దాటారు. విశ్లేషకుడు బడ్ ఎలియట్ ప్రాచుర్యంలోకి తెచ్చిన బ్లూ చిప్ రేషియో (టైటిల్ గెలవాలంటే జట్టులో ఫోర్, ఫైవ్ స్టార్లు సగం దాటాలన్న లెక్క) చెప్పేది ఆ సగం సంగతే. దాన్ని కోచ్‌ల గెలుపు అనొచ్చు, సర్వీసుల గెలుపు కూడా అనొచ్చు.

తేడా తెలిసేది కింద, త్రీ స్టార్ల గుంపులో. అక్కడ వేలమంది పిల్లలు, సర్వీసువాళ్లకి అందరినీ మైదానంలో చూసే తీరిక ఉండదు. కోచ్ దగ్గర మాత్రం వాళ్లకి లేనివి కొన్ని ఉంటాయి. సమ్మర్ క్యాంపులో స్వయంగా కొలిచిన ఎత్తు, బరువు, పరుగు. హైస్కూల్ కోచ్‌తో ఫోన్లో అరగంట. మార్కుల షీటు. వాళ్లింట్లో భోజనం చేస్తూ ఆ కుర్రాడు తల్లితో ఎలా మాట్లాడతాడో చూడటం. వీటన్నిటికన్నా పెద్దది ఇంకొకటి: ఇతన్ని ఏ స్థానంలో ఆడించబోతున్నానన్నది కోచ్‌కే తెలుసు. జెర్రీ హ్యూస్ హైస్కూల్లో రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాడు. టీసీయూ అనే కాలేజీలో అప్పటి కోచ్ గ్యారీ ప్యాటర్సన్ బృందం అతన్ని డిఫెన్సివ్ ఎండ్, అంటే ఎదుటి దాడిని ఆపేవాడు, చేసింది. 2010 డ్రాఫ్ట్‌లో మొదటి రౌండులో వెళ్లాడు. రన్నింగ్ బ్యాక్‌గా అతనికిచ్చిన రేటింగ్ తప్పా? తెలీదు, అతను ఆ పరీక్షే రాయలేదు కదా. ఇలాంటివి నేనైతే పట్టికలోంచి తీసేస్తాను. ఒప్పుకోనివాళ్లు ఉంచుకోండి, కానీ విడి రంగులో.

కొలబద్ద ముందే ఎంచుకోవాలి అని మొదటి పాఠంలో చెప్పాను, ఎవరూ పట్టించుకోలేదు. క్విన్ ఈవర్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని చూడండి. కాంపోజిట్‌లో 1.0000, అంటే నూటికి నూరు. 2025 డ్రాఫ్ట్‌లో ఏడో రౌండులో, 231వ ఎంపికగా వెళ్లాడు. డ్రాఫ్ట్ కొలబద్ద అయితే సర్వీసులు బోల్తా పడ్డాయి. కానీ టెక్సస్‌ని వరసగా రెండు సీజన్లు ప్లేఆఫ్ సెమీఫైనల్‌కి తీసుకెళ్లిన క్వార్టర్‌బ్యాక్ అతనే. కాలేజీ గెలుపులు కొలబద్ద అయితే ఎవరూ బోల్తా పడలేదు. మా అబ్బాయి టెక్సస్ యూనివర్సిటీ ఉన్న ఆస్టిన్‌లో చదువుకున్నాడు, మా ఇంట్లో ఈ పేరెత్తితే అన్నం చల్లారిపోతుంది, కాబట్టి ఇంతటితో ఆపుతాను. నేను మాత్రం డ్రాఫ్టే వాడతాను. లోపాలున్నా తేదీ ఉంటుంది, అంకె ఉంటుంది. క్వార్టర్‌బ్యాక్‌లని అసలు లెక్కలో వేయను. జట్టులో ఒక్కడే ఆడే చోటు అది, అవకాశం రాక ఆగిపోయినవాడెవడో, చేతకాక ఆగిపోయినవాడెవడో తేలదు.

ఇక హోంవర్క్. ఈసారి కష్టం, ముందే చెబుతున్నా.

అయోవా, కాన్సస్ స్టేట్, విస్కాన్సిన్ లాంటి జట్టు ఒకటి ఎంచుకోండి. అలబామా, జార్జియా వద్దు. వచ్చే డిసెంబరు సంతకాల్లో ఆ జట్టు తీసుకున్న త్రీ స్టార్లందరినీ రాయండి, నచ్చినవాళ్లని మాత్రమే కాదు. ఒక్కొక్కడికీ ఒక జోడీ వెతకండి: అదే రాష్ట్రం, అదే స్థానం, రేటింగ్ ఇంకాస్త ఎక్కువ, ఇంకో కాలేజీలో చేరినవాడు. ఆ కుర్రాడు మీ జట్టుకి నిజంగా అందుబాటులో ఉన్నాడో లేదో బయటివాళ్లకి తెలియదు, కాబట్టి మీ కోచ్ అతనికి కూడా ఆఫర్ ఇచ్చి ఉంటే ఆ జోడీ కొట్టేయండి. ఆ కోచ్, ఆ సర్వీసు అభిప్రాయం వేరైన చోటే మనకి పని. రేటింగ్ చివరిది కాదు, మొదటి పెద్ద ఆఫర్ వచ్చేనాటికి ఉన్నది కావాలి. అందుకే పాత క్లాసులు వద్దంటున్నాను, ఇప్పటి నుంచే నెలనెలా పుస్తకంలో రాసుకోవాలి. కుర్రాడు మధ్యలో ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) దూకి మూడు కాలేజీలు మారినా మార్కు మొదటి కోచ్ ఖాతాకే, పందెం కాసింది అతను.

హైస్కూల్ వదిలిన మూడేళ్ల దాకా ఎవరూ డ్రాఫ్ట్‌కి వెళ్లలేరు. అందరి సంగతీ తేలడానికి అయిదేళ్లు పడుతుంది. కాబట్టి నాకు జవాబులు పంపకండి. ఫలితం గడి ఖాళీగా ఉంచి, పైన తేదీ వేసి, పట్టిక మాత్రం పంపండి. వాట్సాప్‌లో పెట్టినాయన రెండు పట్టికలు పంపాలి.