స్కోర్‌కార్డు టెంప్లేట్ నింపే ముందు జాగ్రత్తలు

స్కోర్‌కార్డు అంటే సంస్థ పనితీరును అంకెల్లో చూపే పట్టిక. అందులో గడులు ఖాళీగా ఉన్నాయి కదా అని అన్నీ నింపేయకండి. 1992లో రాబర్ట్ కాప్లాన్, డేవిడ్ నార్టన్ ప్రతిపాదించిన బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డులో నాలుగు కోణాలుంటాయి: ఆర్థికం, కస్టమర్లు, అంతర్గత పనితీరు, నేర్చుకోవడం-ఎదుగుదల. నా మటుకు ఒక్కో కోణానికి మూడు నాలుగు కొలమానాలు చాలు. ముప్పై పెడితే రెండో నెల నుంచి ఎవరూ ఆ ఫైలు తెరవరు.

- ప్రతి కొలమానానికీ నిర్వచనం ముందే రాసుకోండి. గొడవలన్నీ ఇక్కడే. ‘సకాలంలో డెలివరీ’ అంటే సరుకు గోదాము దాటిన రోజా, కస్టమర్ చేతికందిన రోజా? వాయిదా వేయమని కస్టమరే అడిగిన ఆర్డర్ల సంగతేంటి? సేల్స్ వాళ్లొకలా, స్టోర్స్ వాళ్లొకలా లెక్కేస్తే ఒకే నెలకు రెండు అంకెలొస్తాయి. ఇక మీటింగంతా ఏది నిజమో తేల్చడానికే సరిపోతుంది.

- అంకె ఎవరు, ఏ తేదీలోగా నింపాలో పేరుతో సహా రాయండి. ‘టీమ్’ అని రాస్తే ఎవరూ నింపరు.

- ఏ అంకె దగ్గర గడి ఎరుపు (బాగాలేదు), ఏ అంకె దగ్గర ఆకుపచ్చ (బాగుంది) అవుతుందో ఆ హద్దులు సరిచూడండి. ఫిర్యాదుల్లాంటివి తక్కువుంటేనే మంచిది. వాటికి రంగు మార్చే ఫార్ములా తిరగేయకపోతే ఫిర్యాదులు పెరిగిన నెలలోనే గడి పచ్చగా వెలిగిపోతుంది!

- ఎక్సెల్‌లో వేరే షీట్‌లోని ఖాళీ గడిని లింక్ చేస్తే సున్నా కనిపిస్తుంది. డేటా రాలేదా, నిజంగానే సున్నానా? తేడా తెలిసేలా ఫార్ములా మార్చండి.

- ఫార్ములా గడులకు లాక్, అసలు టెంప్లేట్‌కు విడిగా ఒక కాపీ.

- ఏడాది మధ్యలో నిర్వచనం మార్చాల్సి వస్తే తేదీ, కారణం పక్కనే రాయండి. వీలైతే పాత నెలలనూ కొత్త లెక్కలో తిరిగి వేయండి.