ఎస్‌ఎఫ్‌పీ మార్చినా లింక్ రాకపోతే

విజయవాడ గవర్నర్‌పేటలో రెండు భవనాల మధ్య ఫైబర్ లింక్. నెట్‌వర్క్ స్విచ్ పోర్టులో పెట్టి ఫైబర్‌ను కలిపే చిన్న ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్ కొత్తదే, అయినా పోర్టు లైటు వెలగలేదు. ఒకే ఫైబర్ మీద పంపడం, అందుకోవడం రెండూ చేసే బైడై మాడ్యూళ్లు రెండు చివరలా ఒకే రకం పెట్టడమే కారణం. ఇటు 1310 నానోమీటర్లలో పంపి 1550లో అందుకునేది ఉంటే, అటు సరిగ్గా దానికి తిరగేసినది ఉండాలి. కొనేటప్పుడే జతగా అడగండి.

మాడ్యూల్ మార్చడానికి నెట్‌వర్క్ స్విచ్ ఆపక్కర్లేదు. ముందు ఫైబర్ చివరి చిన్న ప్లగ్గు, అంటే ఎల్‌సీ కనెక్టర్ క్లిప్ నొక్కి ఫైబర్ తీసి, వెంటనే మూత పెట్టాలి. తర్వాత మాడ్యూల్ ముందున్న గొళ్లెం వంచి మాడ్యూల్‌ను తిన్నగా లాగాలి. ఫైబర్ ఉండగానే లాగకండి, గొళ్లెం సరిగా వదలదు. కొత్తది గొళ్లెం మూసి, టక్కుమనేదాకా తోయండి. చాలా స్విచ్‌లలో కింది వరుసలో మాడ్యూల్ తలకిందులుగా ఎక్కుతుంది. ఎక్కకపోతే బలవంతం వద్దు, తిప్పి చూడండి.

లింక్ వచ్చి పోతూ ఉంటే కనెక్టర్ కొన తుడవండి, చాలాసార్లు దుమ్మే. ఫైబర్‌లోకి మాత్రం కన్ను పెట్టి చూడొద్దు, ఆ లేజర్ కంటికి కనిపించదు.