మోజార్ట్ బసూన్ కన్సర్టో: ఎక్కడ తేడా వస్తోంది, ఎలా సరిచేసుకోవాలి

మోజార్ట్ 18 ఏళ్ల వయసులో, 1774 జూన్‌లో, సాల్జ్‌బర్గ్‌లో ఈ బి-ఫ్లాట్ మేజర్ కన్సర్టో (మోజార్ట్ రచనల జాబితాలో కె. 191) పూర్తిచేశాడు. బసూన్ అనే కింది స్థాయి ఊదే వాద్యం సోలోగా ముందు నిలిచి, ఆర్కెస్ట్రా తోడు వాయించే రచన ఇది. ఆర్కెస్ట్రా ఆడిషన్లలో బసూన్ వాళ్లను తరచుగా అడిగేది ఇదే. అందుకే చాలామంది దీన్ని పరీక్షకు చదివినట్టు సాధన చేస్తారు. స్వరాలన్నీ సరిగ్గా పడతాయి, పాట మాత్రం వినిపించదు. కింది చిక్కుల్లో చాలావాటికి మూలం అదే.

మొదటి భాగంలో పెద్ద దూకుళ్ల దగ్గర కింది స్వరం ఆలస్యంగా, మోటుగా వస్తోంది

కింది స్వరాలు పలకడానికి కాస్త సమయం తీసుకుంటాయి. ఆ భయంతో వాయించేవాళ్లు పెదవులు కదిపి, గాలి గట్టిగా తోస్తారు. దాంతో కింది స్వరం బరువుగా పడి, పై వరుస తెగిపోతుంది. నిజానికి ఇక్కడ మోజార్ట్ ఒకే వాద్యంతో ఇద్దరు గాయకుల చేత పాడిస్తున్నాడు. ముందు పై స్వరాలను మాత్రమే ఒక పాటగా వాయించండి. తర్వాత కింది వరుసను విడిగా వాయించండి. రెండూ పాటలుగా నిలిచాకే కలపండి. గాలి ప్రవాహం మారకూడదు. అప్పటికీ కింది స్వరం మొండికేస్తే రీడ్ (పెదవుల మధ్య పెట్టుకుని ఊదే పుల్ల) గట్టిగా ఉందేమో చూడండి.

నడిమి స్థాయి పైన ఉండే ఎ, బి-ఫ్లాట్, సి స్వరాలు మొదట్లో గరగరమంటుంటే కారణం వేరు. స్వరం మొదలయ్యే క్షణంలో ఎడమ బొటనవేలు పైమీటను తాకడం లేదన్నమాట.

ఆర్కెస్ట్రాలో సోలో మునిగిపోతోంది

సోలోయిస్ట్‌ను గట్టిగా ఊదమనకండి! బసూన్ పాడే స్థాయిలోనే వయోలాలు, చెల్లోలు కూడా ఉంటాయి. అక్కడ మందం తగ్గించాలి. మోజార్ట్ రాసింది రెండు ఓబోలు, రెండు హార్న్‌లు, తీగవాద్యాలకే. సోలో వచ్చినచోట తీగవాద్యాల సంఖ్య తగ్గించి, తోడు స్వరాలను పొట్టిగా, తేలిగ్గా వాయించమనండి.

రెండో భాగం సాగదీసినట్టుంది

ప్రతి బార్ (తాళపు ఆవర్తం) చివరా ఊపిరి తీసుకుంటే ఇలాగే అవుతుంది. ఈ రాగానికీ, 1786 నాటి ‘ఫిగారో’ ఒపెరాలో కౌంటెస్ పాడే ‘పోర్జీ అమోర్’కూ దగ్గరి పోలిక ఉంది. ఆ పాటను ఒకసారి మీ గొంతుతో పాడుకోండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో దానికదే తెలుస్తుంది.

కడెంజా అతికించినట్టుంది

కడెంజా అంటే ఆర్కెస్ట్రా ఆగినప్పుడు సోలోయిస్ట్ ఒంటరిగా వాయించే వరుస. మోజార్ట్ సొంత కడెంజాలు మనకు దొరకలేదు, అందుకే ఎవరికి తోచినంత పొడుగు వాళ్లు వాయిస్తారు. ఊదే వాద్యానికి కడెంజా ఒక్క ఊపిరిలో ముగియాలని జర్మన్ ఫ్లూట్ విద్వాంసుడు క్వాంట్జ్ 1752లోనే రాశాడు. అంత కచ్చితంగా కాకపోయినా, పొట్టిగా ఉంచండి.

చివరి రొండోలో వేగం నిలవడం లేదు

రొండో అంటే పల్లవి మళ్లీ మళ్లీ తిరిగొచ్చే రచన. ఇది మినుయెట్ అనే మూడు దెబ్బల నాట్యపు నడక. పల్లవిని ముందు ఆర్కెస్ట్రా ఎత్తుకుంటుంది కాబట్టి వేగం వాళ్ల చేతిలో ఉంటుంది. వాళ్లు హుషారుగా మొదలుపెడితే, తర్వాత సోలోలో వచ్చే పదహారో వంతు స్వరాలు ఇరుకున పడతాయి. రిహార్సల్‌కు ముందే ఆ కష్టమైన వరుసను మీకు హాయిగా ఉన్న వేగంలో కండక్టర్‌కు వాయించి చూపించండి. పల్లవి అదే వేగంలో మొదలుకావాలి.