పిల్లలకు అటక మంచం: కొలతల నుంచి అలంకరణ దాకా

అటక మంచం పని పరుపుతో మొదలు కావాలి. పైన పడక, కింద ఆడుకునే చోటు ఉండే ఈ మంచానికి కలప ఎంత కావాలో, కోళ్లు (మంచం కాళ్లు) ఎంత పొడవుండాలో, చుట్టూ కట్టే అడ్డుపలక ఎంత ఎత్తుకు రావాలో అన్నీ పరుపు మందాన్ని బట్టే తేలుతాయి. 4 అంగుళాలకు మించని గట్టి పరుపును ముందే తెచ్చుకుని, టేపుతో కొలిచి, ఆ కొలతను కాగితం మీద రాసుకున్న తరువాతే కలప కోయించడం మంచిది.

అంతకంటే ముందు బిడ్డ వయసు చూడాలి. 6 ఏళ్లు నిండని పిల్లలను ఎత్తైన పడక మీద పడుకోబెట్టకూడదన్నది భద్రతా నిపుణులు చెప్పే మాట. నిద్రమత్తులో లేచిన పసివాడికి తానెక్కడున్నాడో గుర్తుండదు కాబట్టి ఈ మాటను పట్టించుకోవలసిందే. అంతకన్నా చిన్నవారికి ఇదే నమూనాలో కింద గుడారం లాంటి ఆటచోటు మాత్రం కట్టి, పరుపును నేల మీదే వేసి, పైభాగాన్ని తరువాతి ఏళ్లకు వదిలేయవచ్చు.

6 నుంచి 8 ఏళ్ల పిల్లలకు పడక కింద 3 అడుగుల ఖాళీ చాలు. దాని మీద 6 అంగుళాల వెడల్పున్న పట్టె, అంటే కోళ్లను కలిపే పక్క పలక, వస్తుంది. పట్టె లోపలివైపు అడుగు అంచున ఒకటిన్నర అంగుళం మందమున్న ఆధారపు కర్రను జిగురుతోనూ స్క్రూలతోనూ బిగించి, దాని మీద ముప్పావు అంగుళం మందమున్న బద్దలను రెండేసి అంగుళాల ఎడంతో పరచి, ఒక్కొక్క బద్దను రెండు కొసల్లోనూ స్క్రూతో బిగించాలి. అప్పుడు 4 అంగుళాల పరుపు పైభాగం నేలకు 42 అంగుళాల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి ఇంటి కప్పుకు కనీసం 3 అడుగులు ఉంటే బిడ్డ తల తగలకుండా కూర్చోగలుగుతుంది. సీలింగ్ ఫ్యాను మాత్రం పడక మీద నిలబడి చేయి చాచినా అందనంత దూరంలో ఉండాలి. గదిలో అలాంటి మూల లేకపోతే ఈ ఆలోచన మానుకోవడమే మేలని నా అభిప్రాయం.

అడ్డుపలక విషయంలో చాలామంది పొరపడతారు. మేమూ మొదటిసారి ఖాళీ చట్రం మీద కొలిచి, ఎత్తు సరిపోయిందనుకుని, పరుపు వేశాక చూస్తే మా పాప పక్కకు పొర్లినా ఆగనంత తక్కువ మిగిలింది. ఒకదాని మీద ఒకటి ఉండే జంట పడకలకు (బంక్ బెడ్‌లకు) అమెరికాలో ఉన్న నిబంధన ప్రకారం అడ్డుపలక పరుపు మీద కనీసం 5 అంగుళాలు లేచి ఉండాలి, మధ్య ఖాళీలు మూడున్నర అంగుళాలు దాటకూడదు. ఖాళీ అంతకు మించితే బిడ్డ ఒళ్లు అందులోంచి జారిపోయి తల ఇరుక్కుంటుంది. పైన చెప్పిన మంచానికి 50 అంగుళాల కోళ్లు తీసుకుని, పట్టె మీద 3 అంగుళాలు వదిలి 4 అంగుళాల వెడల్పు పలక బిగిస్తే, పరుపు మీద ఆరున్నర అంగుళాలకు పైగా రక్షణ దొరుకుతుంది. అదే మంచం మీద రేపు 8 అంగుళాల మెత్తటి పరుపు వేస్తే మిగిలేది 3 అంగుళాల లోపే. గోడవైపు కూడా పలక తప్పదు, ఎందుకంటే మంచం కొద్దిగా జరిగినా గోడకూ పరుపుకూ మధ్య సందు ఏర్పడుతుంది. పలకను కోడుకు లోపలివైపున బిగించడం ముఖ్యం. అలా చేస్తే బిడ్డ ఆనుకున్న బరువు పలకను కోడుకేసి నొక్కుతుంది, బయటివైపు బిగిస్తే అదే బరువు స్క్రూలను ఊడలాగుతుంది.

పట్టెలను కోళ్లకు మేకులతో కొట్టి సరిపెట్టకూడదు. మూలమట్టంతో మూలలు చూసుకుని, బెజ్జాలు వేసి, ప్రతి కీలు దగ్గర రెండేసి 10 మిల్లీమీటర్ల బోల్టులు వాషర్లతో బిగించాలి. పట్టె అడుగున కోడుకు ఒక దిమ్మను కూడా చేర్చితే బరువు బోల్టుల మీదే పడకుండా దిమ్మ మీదికి దిగుతుంది. ఇంతా చేసినా పిల్లలు ఎక్కేటప్పుడు మంచం పక్కలకు ఊగుతుంది. నలుచదరం సులువుగా ఒరిగిపోతుంది, త్రిభుజం ఒరగదు. అందుకే వెనకవైపున, ఒక పక్కన ఏటవాలు బద్దలు వేసి, చట్రాన్ని గోడకు కూడా యాంకర్ బోల్టులతో పట్టించాలి.

నిచ్చెనకు గుండ్రటి కర్రలు వద్దు, అవి చిన్న అరికాళ్లను నొప్పిస్తాయి. 4 అంగుళాల వెడల్పున్న నాలుగు చదునైన మెట్లను సుమారు ఎనిమిదిన్నర అంగుళాలకు ఒకటి చొప్పున సమానంగా అమర్చి, నిచ్చెనను కాస్త వాలుగా పెట్టి బోల్టులతో బిగించాలి. ఎక్కే చోట అడ్డుపలకలో 15 అంగుళాల దారి చాలు.

రంగు వేసే ముందు అంచులన్నీ గుండ్రంగా చిత్రిక పట్టి, 80, 120, 220 నంబర్ల ఉప్పుకాగితాలతో వరుసగా రుద్దాలి. పాత మేజోడును చేతికి తొడుక్కుని కలప మీద నిమిరితే ఎక్కడ చిన్న పేడు మిగిలినా నూలు అక్కడ పట్టుకుంటుంది. సీసం లేని, నీటితో కలిపే రంగును ఎంచుకుని, వాసన పూర్తిగా పోయే వరకు కొన్ని రోజులు ఆరనివ్వాలి.

అలంకరణను మాత్రం బిడ్డ చేతికి వదలమంటాను. అయితే పెద్దవారొకరు ముందుగా ఆ దిండు మీద తల పెట్టి పడుకుని చూడాలి, అక్కడి నుంచి కనిపించేది గోడ కన్నా ఎక్కువగా కప్పే. చీకట్లో మెరిసే నక్షత్రాలను అక్కడ అంటిస్తే ఆ పడకకు సొంత ఆకాశం వస్తుంది. కింది చోటుకు తెరలు కట్టాలంటే తాళ్లు, నాడాలు వాడకుండా వెల్క్రో పట్టీలతో అంటించాలి. అడ్డుపలకకు చున్నీ గానీ, స్కిప్పింగ్ తాడు గానీ వేలాడదీస్తే అది మెడకు బిగుసుకునే ప్రమాదముంది. వేడెక్కని చిన్న ఎల్ఈడీ దీపాన్ని పరుపుకు దూరంగా, నిచ్చెన పైమెట్టు కనిపించేలా బిగిస్తే రాత్రి దిగడానికి పనికొస్తుంది.

మొదటి రాత్రికి ముందు పెద్దవారు పడక మీదికి ఎక్కి కూర్చుని, అటూ ఇటూ ఊగి చూడాలి. కొత్త కలప ఆరేకొద్దీ కుంచించుకుపోయి బోల్టులు వదులవుతాయి కాబట్టి, నెల రోజులకు ఒకసారి, ఆ తరువాత మూడు నెలలకొకసారి పానా పట్టుకుని ప్రతి బోల్టునూ మళ్లీ బిగించాలి.